గొలుసు రంపం: ఇంజను వేగానికి తగిన గొలుసును ఎంచుకొనుట

సరుగుడు, జామాయిల్, సుబాబుల్ తోటలు గల ప్రాంతాలలో గొడ్డలి స్థానాన్ని నేడు చాలావరకు గొలుసు రంపం (చైన్ సా) ఆక్రమించినది. ఈ యంత్రం కొనునపుడు ఋణగ్రహీతలు ధరను, ఇంజను సి.సి.ని విచారించెదరు కాని, గొలుసు విషయం డీలరుకే విడిచిపెట్టుదురు. నిజానికి కోత కోసి కూలి సంపాదించి పెట్టునది గొలుసే.

నా క్షేత్ర పర్యటనలో చూచిన ఒక సంఘటన చెప్పెదను. సరుగుడు కోత కొరకు 45 సి.సి. యంత్రం కొన్న ఒక ఋణగ్రహీత, పాత చింత చెట్ల కాంట్రాక్టు దొరకగా పెద్ద బార్‌ను, పెద్ద పిచ్ గొలుసును, దానికి సరిపడు స్ప్రాకెట్‌ను బిగింపించెను. మానులో దిగగానే ఇంజను వేగం పడిపోవుచుండెను. మెకానిక్ కార్బురేటర్ స్క్రూ త్రిప్పి వేగం పెంచెను. నాలుగవ రోజున పిస్టన్ పట్టివేసినది. మరమ్మతు ఖర్చు పెట్టి, సీజను పోగొట్టుకొని, అతడు రెండు వాయిదాలు చెల్లించలేకపోయెను. ఇందులో యంత్రం తప్పేమియు లేదు.

పిచ్ అనగానేమి?

గొలుసులో వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరాన్ని కొలిచి, దానిని రెండుతో భాగించగా వచ్చునదే పిచ్. సాధారణంగా లభించునవి 0.325 అంగుళం, 3/8 అంగుళం, 0.404 అంగుళం. 3/8లో చిన్న యంత్రాల కొరకు తక్కువ ఎత్తు గల 'లో ప్రొఫైల్' రకం వేరుగా కలదు. పిచ్ పెరిగిన కొలది పన్ను పెద్దదగును. ఒక్కొక్క పన్ను ఎక్కువ చెక్కను తీయును, అందుకు ఎక్కువ బలం కావలెను. చిన్న పిచ్ గొలుసులో అదే పొడవునకు పండ్లు ఎక్కువ; కోత నునుపుగా సాగును, ఇంజనుపై భారం తగ్గును.

వేగం లెక్క

స్ప్రాకెట్ పన్ను ఒక్కొక్కటి గొలుసును రెండు పిచ్‌ల దూరం లాగును. 7 పండ్ల స్ప్రాకెట్‌పై 3/8 గొలుసు ఒక చుట్టుకు 5.25 అంగుళాలు కదలును. ఇంజను నిమిషానికి 9,000 చుట్లు తిరిగినచో గొలుసు వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు. అదే స్ప్రాకెట్ పండ్ల సంఖ్యతో 0.325 గొలుసు సెకనుకు 17.3 మీటర్లు మాత్రమే పోవును. 8 పండ్ల స్ప్రాకెట్ వేసినచో అదియు దాదాపు 20 మీటర్లకు చేరును. కనుక పిచ్ ఒక్కటే వేగాన్ని నిర్ణయించదు.

భారం లేనపుడు అనేక యంత్రాలు 12,500 నుండి 14,000 చుట్లు తిరుగును. కాని గరిష్ఠ శక్తి లభించునది సుమారు 9,000–10,000 చుట్ల వద్దనే. బరువైన గొలుసు వలన వేగం ఇంతకంటె బాగా పడిపోయినచో శక్తియు తగ్గును, క్లచ్ జారి వేడెక్కును. అప్పుడు స్క్రూ త్రిప్పి పెట్రోలు తగ్గించినచో, పెట్రోలులో కలిసి రావలసిన ఆయిల్ కూడ తగ్గును. పిస్టన్ పట్టివేయుటకు కారణమిదే.

ఏ యంత్రానికి ఏ గొలుసు?

సుమారుగా 40 సి.సి. వరకు 3/8 లో ప్రొఫైల్, 40–55 సి.సి.కి 0.325, అంతకు పైన 90 సి.సి. వరకు 3/8, మిక్కిలి పెద్ద యంత్రాలకు 0.404 వాడుదురు. తుది నిర్ణయం యంత్రంతో వచ్చిన పుస్తకం ప్రకారమే జరుగవలెను. గొలుసు, స్ప్రాకెట్, బార్ కొనయందలి చక్రం – ఈ మూడింటి పిచ్ ఒకటే కావలెను. డ్రైవ్ లింక్ మందము బార్ గాడికి సరిపోవలెను.

కోత మందగించినపుడు మొదట స్క్రూను ముట్టుకొనరాదు. పడుచున్న పొట్టును చూడుడు. పలుకులుగా పడినచో పదును బాగున్నట్లు. పిండివలె పడినచో మొద్దుబారినట్లు. 0.325 గొలుసుకు 4.8 మి.మీ., 3/8 లో ప్రొఫైల్‌కు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి సాధారణంగా వాడుదురు. గొలుసు బిగువును, బార్ ఆయిల్‌ను కూడ పరీక్షించవలెను.

డీలర్లకు మనవి

కోటేషన్‌లో సి.సి., ధరలతో పాటు పిచ్, మందము, డ్రైవ్ లింకుల సంఖ్య, స్ప్రాకెట్ పండ్ల సంఖ్య వ్రాయుడు. ఆకురాయి, అదనపు గొలుసు, తల–కాళ్ళ రక్షణ సామగ్రి కూడ చేర్చుడు. ఋణగ్రహీతలు ఏ కోతకు, ఎంత లావు చెట్లకు యంత్రం కావలెనో దరఖాస్తులోనే తెలుపుడు. తగిన గొలుసు ఉన్న యంత్రమే సీజనంతా నడచును. నడచిన యంత్రమే వాయిదాలు తీర్చును.