చచ్చిన కోడి చెప్పే సాక్ష్యం

కోడి పోయిందంటే మా వైపు నింద మొదట పిల్లి మీదే పడుతుంది. గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో పశువుల ఆసుపత్రి సహాయకుడిగా నా ఉద్యోగమంతా గడిచింది. బర్రెకు సూది వేయడానికి వెళ్ళినప్పుడల్లా పక్కింటామె ఎవరో చచ్చిన పెట్టను కాళ్ళు పట్టుకుని తెచ్చి, "రాత్రి పిల్లి పడింది సార్, చూడండి" అనేది. ఎక్కడ పడి ఉందమ్మా అని అడిగితే, అప్పటికే గూడు ఊడ్చి, ఈకలు పెంటదిబ్బలో పోసి ఉండేది. పోలీసులు వచ్చేదాకా శవాన్ని కదపకూడదని సినిమాలు చూసి అందరికీ తెలుసు. కోడి దగ్గర మాత్రం ఆ సంగతి గుర్తుండదు.

మొదట తేల్చాల్సింది, అది అసలు వేటకే చచ్చిందా అని. కొక్కెర తెగులుతో గూట్లో చచ్చిన కోడిని తెల్లారేలోగా కుక్క పీకిందనుకోండి, చంపిన పాపం కుక్కకు చుట్టుకుంటుంది. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని గాయం దగ్గర ఈకలు పీకి, చర్మం కాస్త ఒలిచి చూడాలి. బతికుండగా పళ్ళు దిగితే చర్మం కింద నెత్తురు కమిలి, నల్లగా గడ్డకట్టి ఉంటుంది. చచ్చాక కొరికితే కండ పాలిపోయి ఉంటుంది, ఉత్త రంధ్రమే కనిపిస్తుంది. గుండె ఆగాక నెత్తురు చిమ్మదు కదా. మిగతా కోళ్ళు కూడా పచ్చగా పారుతూ, మెడలు మెలితిప్పుతూ ఉంటే ఇక జంతువు కోసం వెతకడం దండగ, పశువైద్యుడికి కబురు పెట్టాలి. గాయమే లేకుండా ఒక్కసారిగా నాలుగైదు చచ్చి పడితే మాత్రం కోయొద్దు, ఉత్త చేత్తో ముట్టుకోవద్దు.

తర్వాత అడగాల్సింది వేళ. పగలైతే ముంగిస, ఉడుము, గద్ద, డేగ, కాకి. రాత్రయితే బావురుపిల్లి, పునుగుపిల్లి, నక్క, పందికొక్కు. ఈ ఒక్క ప్రశ్నతో అనుమానితుల్లో సగం మంది బయటపడతారు. కుక్కకు వేళాపాళా లేదు.

ముంగిస పాములను చంపుతుందని మనకు దానిమీద కాస్త అభిమానం. అందుకేనేమో దాన్ని ఎవరూ అనుమానించరు. ఇంట్లోవాళ్ళంతా చేలో ఉండే పట్టపగలే అది వస్తుంది. పిడికిలి దూరే సందు దొరికితే చాలు. మెడ వెనకో, తల మీదో కొరుకుతుంది. ఈకలు పాయ తీసి చూస్తే సూదితో గుచ్చినట్టు దగ్గర దగ్గరగా రెండు గాట్లు ఉంటాయి. చాలాసార్లు తల, మెడ తిని మొండెం వదిలేస్తుంది. మూసిన గూట్లో దూరిందంటే ఒక్కదాన్ని తిని పోదు. కోళ్ళు బెదిరి రెక్కలు కొట్టుకున్నకొద్దీ దాని వేటబుద్ధి రేగుతుంది, అందినదాన్నల్లా కొరికి పడేస్తుంది. ఆ మొండేలను చూసి "నెత్తురు తాగి పోయింది" అంటారు. తాగదు. గాటు సన్నం కాబట్టి బయటికి కారేది తక్కువ, లోపలే నిలిచిపోతుంది.

బావురుపిల్లి పద్ధతి వేరు. సాధారణంగా ఒక్క కోడినే పట్టి, నోట కరుచుకుని చెరుకుతోటలోకో పొదల్లోకో మోసుకుపోతుంది. నక్కా అంతే. గూటి దగ్గర దొరికేవి నాలుగు ఈకలు, దారి పొడుగునా మరో నాలుగు. పునుగుపిల్లి అడుగున గుంత తవ్వి దూరగలదు. తిరుమల వెంకన్నకు శుక్రవారం అభిషేకంలో వాడే పునుగు ఈ జంతువు నుంచే వస్తుందని చెబితే, దాన్ని తిట్టబోయిన ముసలామె నాలుక కరుచుకుంది.

ఈకా నెత్తురూ ఏమీ లేకుండా పిల్లలు రోజుకొకటి తగ్గుతుంటే పాము కావచ్చు. జెర్రిపోతు పిల్లనైనా గుడ్డునైనా గుటుక్కున మింగేస్తుంది, పెంకు ముక్క కూడా మిగలదు. నాగుపామూ అంతే. కాబట్టి చీకట్లో చెయ్యి పెట్టి వెతకొద్దు. పందికొక్కయితే గూటి నేలలో కన్నం, దాని పక్కన కొత్తగా తోడిన మట్టి కుప్ప కనిపిస్తాయి. పిల్లల్ని ఆ కన్నంలోకే లాక్కుపోతుంది. ఉడుము నడిచిన చోట దుమ్ములో గోళ్ళ గుర్తుల మధ్య తోక ఈడ్చిన గీత ఉంటుంది.

ఈకలు దొరికితే ఒకదాన్ని తీసి మొదలు చూడండి. డేగ ముక్కుతో పీకుతుంది కాబట్టి ఈక కాడ మొదలంటా ఊడి, గుండ్రంగా ఒకచోట కుప్పపడి ఉంటుంది. కుక్క, పిల్లి, నక్క నోటితో లాగితే కాడలు విరిగి, జొల్లుతో ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంటాయి. ఏమీ దొరక్కపోతే సాయంత్రం గూటి గుమ్మం ముందు జల్లించిన పొయ్యి బూడిద పలచగా చల్లాలి. పొద్దున్నే నాలుగు వేళ్ళ గుండ్రటి అడుగు, గోళ్ళ గుర్తు లేకుండా ఉంటే పిల్లి జాతి. గోళ్ళు దిగి ఉంటే కుక్క, నక్క. నక్కది కాస్త కోలగా ఉంటుంది. అయిదు వేళ్ళు పడితే ముంగిసో పునుగో. బూడిదలో చెప్పుల గుర్తులు, సంక్రాంతి ముందు పుంజు మాయం, గడియ మళ్ళీ శుభ్రంగా వేసి ఉండటం... ఆ జంతువు సంగతి మీకు నేను చెప్పాలా?

తేల్చడం సులువు, చెప్పడం కష్టం అయ్యేది కుక్క దగ్గరే. జాలీ బయటినుంచి చించి ఉంటుంది. కోళ్ళు వీపు మీద, తొడల మీద నమిలి, తినకుండా పెరడంతా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఇవే. ఒకామెకు ఇవన్నీ చూపించి, "ఇది కుక్క పనమ్మా" అన్నాను. ఆమె ఎదురింటి అరుగు మీద పడుకున్న కుక్క వైపు చూసి, గొంతు తగ్గించి, "పిల్లేలే సార్, వాళ్ళతో మనకెందుకు" అంది. పిల్లికి యజమాని ఉండడు, తగువు ఉండదు.

కానీ పిల్లి అనుకుని తలుపు సందు మూస్తే గద్ద ఆగదు, గద్ద అనుకుని పైన వల కడితే పందికొక్కు ఆగదు. ముంగిసకూ పాముకూ అర అంగుళం గళ్ళ వెల్డ్ మెష్ కావాలి. మామూలు కోడి జాలీ కుక్క పంటికే ఆగదు. తవ్వి దూరేవాటికి మెష్‌ను నేలలోకి అడుగు లోతు దించాలి. గద్ద తన్నుకుపోయేది పిల్లల్నే కాబట్టి అవి కాస్త ఎదిగేదాకా గంప కింద కమ్మి, పైన రాయి పెట్టాలి. తెల్ల కోళ్ళు ఆకాశంలోంచి ఇట్టే కనబడతాయి. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థవాళ్ళు పెరళ్ళ కోసం తయారుచేసిన వనరాజా కోళ్ళకు రంగు ఈకలు ఉండటం ఇలాంటి చోట కలిసొస్తుంది.

కోపం మీద గుళికల మందు కలిపిన మాంసం పెరట్లో పెట్టేవాళ్ళను చూశాను. అది తినేది కోడిని చంపినదే అని ఏమీ లేదు. కాకి తింటుంది, పక్కింటి కుక్క తింటుంది, ఆ మాంసాన్ని మీ కోళ్ళే పొడవొచ్చు. పైగా ఉడుమును చంపితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. అటవీశాఖ వాళ్ళు వచ్చి అడిగితే, అది కోడిని తిన్నదని చెప్పినా కేసు ఆగదు.