తిరుగుబాటుకు పేరు పెట్టేదెవరు?

రాజ్యాధికారానికి సంబంధించి ఇంగ్లీషులో వాడుకలో ఉన్న మాటల్లో అధికభాగం పుట్టుకతో ఇంగ్లీషువి కావు. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాక సుమారు మూడు శతాబ్దాల పాటు అక్కడి దర్బారులోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి, లాటిన్ భాషలదే పెత్తనం కావడంతో గవర్నమెంట్, పార్లమెంట్, క్రౌన్, కౌన్సిల్, అథారిటీ వంటి మాటలన్నీ విజేతల వెంటే ఆ దేశంలో దిగాయి. అంతకుముందు నుంచీ ఉన్న కింగ్, క్వీన్, లార్డ్, షెరీఫ్ వంటి కొద్ది మాటలే ఆ వెల్లువకు తట్టుకుని నిలిచాయి. వీటిలో లార్డ్ అన్నదానికి రొట్టెను కాపాడేవాడని, లేడీ అన్నదానికి రొట్టె పిండి పిసికే ఆమె అని మొదటి అర్థాలు. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేవాడే యజమాని అన్న భావన వాటిలో కనిపిస్తుంది. గవర్నమెంట్ మూలం ఇందుకు భిన్నంగా ఓడ చుక్కాని పట్టడాన్ని సూచించే గ్రీకు మాటలో ఉంది.

ఈ ఫ్రెంచి పొర ఎంత మందమైనదంటే, బ్రిటిష్ పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజు సమ్మతి లభించిందని సభలో ప్రకటించేటప్పుడు నేటికీ పాత నార్మన్ ఫ్రెంచి వాక్యాన్నే చదువుతారు. సమ్మతి నిరాకరించదలచినప్పుడు చదవడానికి వేరే వాక్యం ఉంది. అందులో కాదన్న మాటే ఉండదు, రాజు ఆలోచిస్తాడని మాత్రమే ఉంటుంది. 1708లో ఆన్ రాణి స్కాట్లండు పౌరసైన్యపు బిల్లును తిరస్కరించిన తరువాత ఆ వాక్యంతో పని పడలేదు. అధికారం చేతిలో ఉన్నవాడు కాదనడానికి కూడా మర్యాద గల మాటను సిద్ధం చేసుకుంటాడు. ఎదిరించేవాడికి పెట్టే పేర్ల దగ్గర మాత్రం ఆ మర్యాద కనిపించదు.

ఎదిరింపును తెలిపే మాటల్లో మిక్కిలి బరువైనది ట్రీజన్. అప్పగించడం అనే అర్థం గల లాటిన్ మాట ఫ్రెంచి మీదుగా ఇలా మారి, నమ్మినవారిని శత్రువుకు అప్పగించే ద్రోహానికి పేరయింది. మూడవ ఎడ్వర్డు కాలంలో, 1351లో, ఫ్రెంచిలోనే రాసిన ఒక శాసనం ఏయే పనులు ఈ నేరం కిందికి వస్తాయో నిర్ణయించింది. రాజుపై యుద్ధానికి దిగడం, అతని శత్రువులతో చేతులు కలపడం అందులో ఉండడం సహజమే గాని, రాజు మరణాన్ని ఊహించడం కూడా అదే జాబితాలో చేరింది. భర్తను చంపిన భార్య, యజమానిని చంపిన సేవకుడు చేసినది మామూలు హత్య కాదని, అది చిన్న తరహా ట్రీజన్ అని కూడా ఆ శాసనం పేర్కొన్నది. 1828లో రద్దయ్యేదాకా ఆ విభజన చట్టంలో కొనసాగింది. ఇల్లొక చిన్న రాజ్యమనీ భర్త దానికి రాజనీ చట్టమే ఒప్పుకున్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఊహించడం అన్న ఆ ఒక్క మాట మీద 1794లో కొందరి ప్రాణాలు వేలాడాయి. ఫ్రాన్సులో విప్లవం చెలరేగిన ఆ రోజుల్లో లండనులో చెప్పులు కుట్టే థామస్ హార్డీ, సామాన్యులకు ఓటుహక్కు కోరే ఒక సంఘానికి కార్యదర్శిగా ఉండేవాడు. అతడు ఆయుధం పట్టినట్టు గట్టి రుజువేదీ లేకపోయినా, పార్లమెంటును సంస్కరించాలని బయట జనసభలు జరపడం క్రమంగా రాజును కూలదోయడానికే దారి తీస్తుందని, రాజు కూలితే ప్రాణాలతో మిగలడని, కాబట్టి సంస్కరణ కోరడమంటే రాజు మరణాన్ని ఊహించడమేనని ప్రభుత్వం వాదించింది. అటార్నీ జనరల్ తొలి ప్రసంగమే తొమ్మిది గంటలు సాగింది. అంతసేపు చెబితే గాని అర్థం కాని నేరం నేరమెలా అవుతుందన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది. జ్యూరీ హార్డీని నిర్దోషిగా వదిలిపెట్టింది. అతని తరువాత విచారణకు వచ్చిన హార్న్ టూక్, థెల్వాల్ కూడా బయటపడ్డారు.

ట్రీజన్ తరువాత మెట్టున ఉన్న రెబెలియన్ మూలార్థం మరీ ఆసక్తికరమైనది. లాటిన్‌లో యుద్ధానికి బెల్లుం అని పేరు; దానికి ముందు మళ్లీ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరితే, ఒకసారి ఓడి లొంగిపోయినవారు తిరిగి యుద్ధానికి దిగడం అని అర్థమవుతుంది. అంటే ఒక పోరాటాన్ని రెబెలియన్ అనగానే అవతలివారు ముందే ఓడినవారని, లోబడి ఉండవలసినవారని ఒప్పుకున్నట్టే. రయట్ అంతకంటే చిన్నది; అది వీధిలో గుంపు చేసే అల్లరి. అయినా 1715 నుంచి ఇంగ్లండులో అమలైన రయట్ చట్టం ప్రకారం, పన్నెండు మంది లేదా అంతకు మించి గుమికూడి అలజడి చేస్తే అధికారి ఒక ప్రకటన చదివి వినిపించేవాడు. గంటలోగా చెదిరిపోనివారికి మరణశిక్ష విధించే వీలుండేది.

మ్యూటినీకి చట్టంలో హద్దు ఇంకా ఇరుకు. సైనికులో నావికులో తమ పై అధికారులను ధిక్కరిస్తేనే అది మ్యూటినీ. 1689లో ఇంగ్లండులో ఒక పటాలం మాట వినకపోవడంతో పార్లమెంటు ఆ పేరుతోనే చట్టం చేసింది. 1780లో హైదరాలీపై యుద్ధం కోసం మద్రాసుకు ఓడలో వెళ్లడానికి విశాఖపట్నంలోని ఈస్టిండియా కంపెనీ సిపాయిలు నిరాకరించి తిరగబడినప్పుడు ఆ మాట అతికినట్టు సరిపోయింది. 1857లో మాత్రం అది చాలలేదు. మీరట్‌లో మొదలైన అలజడి ఔధ్‌లో రైతులకూ తాలూకాదారులకూ పాకినట్టు వార్తలు అందుతుండగా, ఆ ఏడాది జులై 27న బ్రిటిష్ కామన్స్ సభలో ప్రతిపక్షాన ఉన్న డిజ్రేలీ ఇది సైనికుల మ్యూటినీయా, జాతి తిరుగుబాటా అని సూటిగా ప్రశ్నించాడు. ఆ ప్రశ్న వెనుక రాజకీయం ఉన్నది. మొదటిది నిజమైతే తప్పు కొందరు సిపాయిలది. రెండవది నిజమైతే తప్పు కంపెనీ పాలనదే. ప్రభుత్వానికి మొదటి పేరే అనుకూలించింది, స్కూలు పుస్తకాల్లోకి అదే ఎక్కింది. 1909లో సావర్కర్ తన గ్రంథంలో దాన్ని స్వాతంత్ర్య యుద్ధమని పిలిచే నాటికి యాభై ఏళ్లు దాటిపోయాయి.

1857 తెచ్చిన ఈ పేర్ల గందరగోళం ఢిల్లీ ఎర్రకోటలో పరాకాష్ఠకు చేరింది. 1858 జనవరిలో మొదలైన విచారణలో వృద్ధుడైన మొగలు చక్రవర్తి బహదూర్‌షా జఫర్‌పై రెబెలియన్, ట్రీజన్ నేరాలు మోపారు. రెబెల్ కావాలంటే ముందు ప్రజ కావాలి. జఫర్‌ను బ్రిటిష్ ప్రభుత్వ ప్రజగా, పింఛనుదారుగా అభియోగపత్రం వర్ణించింది కూడా. కాని 1765లో బెంగాల్ దివానీ హక్కును కంపెనీ పుచ్చుకున్నది మొగలు చక్రవర్తి ఫర్మానాతోనే. కాగితం మీద చక్రవర్తి ప్రభువు, కంపెనీ ఆయన దివాను. ఈ లెక్క ప్రకారం తిరుగుబాటు చేసినది చక్రవర్తి కాదని, కంపెనీయేనని బక్లర్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1922లో వాదించి తోటివారిని ఇరుకున పెట్టాడు. ఆ వాదాన్ని యథాతథంగా ఒప్పుకోనక్కరలేదు గాని, కొట్టిపారేయడం కూడా తేలిక కాదు.

తూర్పు కనుమల్లో తెల్లదొరలకు సొంత మాటలు చాలక స్థానికుల మాటనే తీసుకున్నారు. మద్రాసు ప్రభుత్వ దస్తావేజుల్లో ఫితూరీ అని కనిపించేది మన పితూరీయే. ఉర్దూ, పారసీల దారిన తెలుగులోకి వచ్చిన ఈ మాటకు ఇప్పుడు చాడీ చెప్పడం, ఫిర్యాదు చేయడం అన్న అర్థమే బాగా వాడుకలో ఉన్నా, అప్పట్లో మన్యంలో జరిగే సాయుధ తిరుగుబాటును ఆ మాటతోనే పిలిచేవారు. 1879లో రంపలో జరిగినది ఇటువంటిదే. కొండవారు తమ ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా చిగురుపన్ను పేరుతో వసూళ్లు పెరగడం, మన్సబుదారు దోపిడీ, దానికి పోలీసుల అండ కలిసి ముఠాదారుల చేత, కొండరెడ్ల చేత ఆయుధాలు పట్టించాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుస దాడులు చేసి ఆయుధాలు పట్టుకుపోయినప్పుడు కూడా దొరలు దాన్ని ఫితూరీ అనే రాసుకున్నారు. ఆ మాటలో వారికొక సౌకర్యం ఉన్నది: అది అడవికి, కొండకు పరిమితమైన స్థానిక రగడగా వినిపిస్తుంది, స్వరాజ్యానికి ముడిపడినట్టు వినిపించదు.

మాటలు కొన్ని ఎదురు దిశలో కూడా నడిచాయి. తిరిగి మొదటి చోటికి రావడం అనే అర్థంతో గ్రహగతులకు వాడిన రెవల్యూషన్, 1688లో ఇంగ్లండులో రాజు మారినప్పటికే రాజకీయాల్లోకి వచ్చి, 1789 తరువాత పాతదాన్ని కూకటివేళ్లతో పెకలించడమనే అర్థానికి స్థిరపడింది. టెర్రరిస్టు మరింత దూరం ప్రయాణించింది. 1790లలో ఆ పేరు గిలెటిన్‌తో ఏలిన ఫ్రెంచి పాలకులది, నేడు పాలకులు తమ శత్రువులకు పెట్టేది.

సెడిషన్ చరిత్ర భారతీయులకు బాగా తెలిసినదే. ఆయుధం లేకుండా, మాటతోనో రాతతోనో ప్రభుత్వంపై ద్వేషం రగిలించడాన్ని నేరంగా చేసే 124ఎ సెక్షన్ 1870లో శిక్షాస్మృతిలో చేరింది. అందులో డిజఫెక్షన్ అనే మాట ఉన్నది. 1897లో తిలక్‌పై విచారణ జరిపిన జస్టిస్ స్ట్రాచీ, దానికి ప్రభుత్వం పట్ల ప్రేమ లేకపోవడమే అర్థమని జ్యూరీకి బోధించి చట్టపు వలను ఎంతో వెడల్పు చేశాడు. 1922లో అహ్మదాబాదులో అదే సెక్షన్ కింద బోనులో నిలబడిన గాంధీ, ప్రేమను చట్టంతో పుట్టించడం సాధ్యం కాదని న్యాయమూర్తి ఎదుటే చెప్పి ఆరేళ్ల శిక్షను స్వీకరించాడు. 2024 జులై నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో సెడిషన్ అన్న మాట లేదు. దాని స్థానంలో దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం కలిగించే చర్యల గురించి 152వ సెక్షన్ ఉన్నది.

పేరు పెట్టే హక్కు స్వాతంత్ర్యంతో పాటే చేతులు మారిందనడానికి హైదరాబాదు మంచి ఉదాహరణ. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ట్యాంకులతో నిజాం సంస్థానంలోకి ప్రవేశించగా 17న నిజాం లొంగిపోయాడు. సైన్యం తనలో తాను ఆపరేషన్ పోలో అని పిలుచుకున్న ఈ దండయాత్ర లోకానికి మాత్రం పోలీస్ యాక్షన్ పేరుతో పరిచయమయింది. ఇండోనేసియాపై 1947లో డచ్చివారు సాగించిన యుద్ధానికి కూడా అదే పేరు పెట్టుకున్నారు. యుద్ధమంటే రెండు దేశాల వ్యవహారం. హైదరాబాదు ఫిర్యాదు అప్పటికే భద్రతామండలికి చేరి ఉన్నందున, ఇది ఇంటిలోపలి శాంతిభద్రతల పని అని చాటవలసిన అవసరం ఢిల్లీకి ఉన్నది. తెలంగాణ పల్లెల్లో పెద్దలు ఆ కాలాన్ని ఇప్పటికీ పోలీసు యాక్షన్ అనే గుర్తు చేసుకుంటారు. సెప్టెంబరు 17ను విమోచన దినమనాలా, విలీన దినమనాలా, సమైక్యతా దినమనాలా అన్న వాదం మాత్రం ఏటా జెండా ఎగరవేసే వేళకు మళ్లీ మొదలవుతుంది, అప్పటికి అధికారంలో ఉన్నవారు తమకు నచ్చిన పేరుతో ఉత్తర్వు జారీ చేస్తారు.