ఫుట్‌బాల్ క్లబ్బుల బదిలీ వ్యయం, ఆర్థిక నియమాలు

ఫుట్‌బాల్ క్రీడలో ఒక క్లబ్బు, మరొక క్లబ్బుతో ఒప్పందంలో ఉన్న ఆటగాడిని తీసుకొనుటకు ఆ క్లబ్బుకు చెల్లించే సొమ్మును బదిలీ రుసుము అంటారు. ఐరోపాలో ఒక క్లబ్బు ఈ రుసుములపై ఎంత ఖర్చు చేయగలదన్నది యజమాని సంపదను బట్టి మాత్రమే నిర్ణయం కాదు. ఐరోపా ఫుట్‌బాల్ సంఘాల సమాఖ్య ఐన యుయెఫా 2011 నుండి, ఇంగ్లండులోని ప్రీమియర్ లీగ్ 2013 నుండి క్లబ్బుల నష్టాలపై పరిమితులు విధించాయి. ఐతే ఈ నియమాలు చూసేది క్లబ్బు ఖజానా నుండి ఆ ఏడాది వెళ్ళిన నగదును కాదు, ఖాతా పుస్తకాలలో ఆ ఏడాది పద్దుగా వ్రాసిన ఖర్చును. ఈ తేడా వలననే ఒక వేసవిలో కొన్న ఆటగాడి భారం తరువాతి నాలుగైదు సంవత్సరాల కొనుగోళ్ళను కట్టడి చేస్తుంది. క్లబ్బులు తమ ఊరి పిల్లలను అమ్ముకోవడానికి కూడా మూలకారణం ఇందులోనే ఉంది.

నేపథ్యం

1995 డిసెంబరు 15న బెల్జియం ఆటగాడు బోస్మన్ వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. ఒప్పందం ముగిసిన ఆటగాడు ఐరోపా సమాజ దేశాలలో రుసుము లేకుండానే మరొక క్లబ్బుకు వెళ్ళవచ్చునని దాని సారాంశం. అంతకుముందు ఒప్పందం ముగిసినా పాత క్లబ్బు రుసుము అడుగగలిగేది. ఈ తీర్పు తరువాత ఆటగాడి విలువ అతని ఒప్పందంలో మిగిలి ఉన్న కాలానికి కట్టుబడిపోయింది. ఒప్పందం చివరి రోజున క్లబ్బు చేతిలో అమ్ముకోవడానికి ఏమీ ఉండదు.

అదే కాలంలో టెలివిజన్ ప్రసార హక్కుల ఆదాయం విపరీతంగా పెరిగింది. రాబోయే ఆదాయాన్ని నమ్ముకొని ముందే ఖర్చు చేసిన క్లబ్బులు కొన్ని చితికిపోయాయి. వీటిలో లీడ్స్ యునైటెడ్ కథ ప్రసిద్ధమైనది. 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ వరకు వెళ్ళిన ఈ క్లబ్బు, భవిష్యత్తులో టికెట్ల అమ్మకం మీద రాబోయే సొమ్మును హామీగా చూపి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చింది. మరుసటి ఏడు ఆ పోటీకి అర్హత దక్కకపోవడంతో లెక్కలన్నీ తలక్రిందులయ్యాయి. రియో ఫెర్డినాండ్ మొదలుకొని ఆటగాళ్ళను ఒక్కొక్కరిగా అమ్మవలసి వచ్చింది. 2004లో ప్రీమియర్ లీగ్ నుండి, 2007లో రెండవ శ్రేణి నుండి కూడా క్లబ్బు క్రిందికి జారింది. 2008లో ఎఫ్.ఏ. కప్ గెలిచిన పోర్ట్స్‌మత్ క్లబ్బు రెండేళ్ళు తిరగకుండానే దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ స్థితికి వచ్చిన మొదటి క్లబ్బు అదే.

రుసుమును ఖాతాలలో వ్రాసే విధానం

ఈ విషయంలో గజిబిజి అంతా ఇక్కడే ఉంది కనుక కొంత వివరంగా చూడవలసి ఉంటుంది.

క్లబ్బు ఆటగాడిని కొన్నదంటే, అతని ఆటను నిర్ణీత కాలం పాటు వినియోగించుకొనే హక్కును కొన్నదని అర్థం. ఆ హక్కు ఆస్తి అప్పుల పట్టీలో ఆస్తిగా నమోదవుతుంది. ఆ ఆస్తి విలువను ఒప్పందకాలం మీద సమానంగా పంచి, ఏటా ఒక భాగాన్ని లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా చూపుతారు. దీనిని అమార్టైజేషన్ అంటారు. యంత్రాలపై స్థిర వాయిదాల పద్ధతిలో తరుగుదల లెక్కించడం నేర్చుకొన్న వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త విషయం కాదు.

ఒక ఆటగాడిని 10 కోట్ల పౌండ్లకు ఐదేళ్ళ ఒప్పందంపై కొన్నారనుకొందాం. ఏటా 2 కోట్లు ఖర్చుగా వ్రాస్తారు. మూడేళ్ళు గడిచేసరికి పుస్తకపు విలువ 4 కోట్లకు దిగుతుంది. అప్పుడు అతనిని 5 కోట్లకు అమ్మితే, కొన్న ధరలో సగమే వచ్చినప్పటికీ, ఖాతాలలో 1 కోటి లాభం కనబడుతుంది. 3 కోట్లకు అమ్మితే 1 కోటి నష్టం. ఆ లాభం గాని నష్టం గాని అమ్మిన సంవత్సరంలోనే పూర్తిగా నమోదవుతుంది. కొనుగోలు ఖర్చు ఏళ్ళమీద పరచుకొంటుంది, అమ్మకపు లాభం మాత్రం ఒక్కసారిగా వచ్చిపడుతుంది. పాఠకులు ఈ అసమానతను గుర్తు పెట్టుకోవాలి.

అమ్మకుండా, మూడేళ్ళ తరువాత ఒప్పందాన్ని మరో మూడేళ్ళు పొడిగిస్తే ఏమవుతుంది? మిగిలిన 4 కోట్లను మిగిలిన ఐదేళ్ళకు పంచుతారు. ఏటా 2 కోట్లున్న భారం 80 లక్షలకు తగ్గుతుంది. బాగా ఆడుతున్న ఆటగాళ్ళకు గడువు ముగియకముందే కొత్త ఒప్పందాలు ఇవ్వడంలో ఈ లెక్క కూడా ఉంటుంది. కాని పెరిగే జీతం వేరుగా చేరుతుందన్నది మరువరాదు.

ఇప్పుడు ఒక క్లబ్బు ఏటా 10 కోట్లకు ఆటగాళ్ళను ఐదేళ్ళ ఒప్పందాలపై కొంటూ పోతుందనుకొందాం. మొదటి ఏడు పద్దు 2 కోట్లే. రెండవ ఏడు 4 కోట్లు, మూడవ ఏడు 6, నాలుగవ ఏడు 8, ఐదవ ఏడు 10 కోట్లు. అంటే మొదటి ఏడాది చౌకగా కనబడిన కొనుగోళ్ళు ఐదవ ఏటికి తమ పూర్తి బరువును చూపుతాయి. క్లబ్బు దూకుడుగా కొన్న వేసవిలో కాక, రెండు మూడేళ్ళ తరువాత ఇబ్బందుల్లో పడటానికి కారణం ఇదే. ఒప్పందాలను ఎనిమిదేళ్ళకు పొడవు చేస్తే ఈ మెట్లు చిన్నవౌతాయి గాని, ఎనిమిదవ ఏటికి చేరేది అదే 10 కోట్లకు.

నగదు సంగతి వేరు. రుసుమును సాధారణంగా రెండు మూడు వాయిదాలలో చెల్లిస్తారు. నియమాల లెక్కలో క్షేమంగా ఉన్న క్లబ్బు వాయిదా కట్టడానికి డబ్బులేక తడుముకోవడమూ, చేతినిండా నగదు ఉన్న క్లబ్బు నియమాలకు చిక్కడమూ రెండూ సాధ్యమే.

పరిమితులు

యుయెఫా నియమాలు మొదట ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే అన్న పేరుతో వచ్చాయి. రాబడికి మించి ఖర్చు చేయరాదన్నది మూలసూత్రం. 2022లో వీటిని సవరించి జట్టు వ్యయ నిష్పత్తి అనే కొత్త కొలతను చేర్చారు. జీతాలు, అమార్టైజేషన్, ఏజెంట్ల రుసుములు మూడూ కలిపి, రాబడికి బదిలీల లాభాన్ని చేర్చగా వచ్చే మొత్తంలో ఇంత శాతం మించరాదని నిబంధన. ఇది 2023-24లో 90 శాతం, 2024-25లో 80 శాతం, 2025-26 నుండి 70 శాతం.

ప్రీమియర్ లీగ్ 2013లో తెచ్చిన లాభదాయకత, సుస్థిరత నియమాల ప్రకారం ఒక క్లబ్బు మూడేళ్ళలో గరిష్ఠంగా 10.5 కోట్ల పౌండ్లు నష్టపోవచ్చు. అంత నష్టం అనుమతించాలంటే అందులో 9 కోట్లను యజమాని పెట్టుబడిగా భరించాలి. రెండవ శ్రేణిలో గడిపిన ప్రతి ఏడాదికి 3.5 కోట్ల బదులు 1.3 కోట్లే లెక్క. యువ ఆటగాళ్ళ శిక్షణ, మహిళా జట్టు, స్టేడియం నిర్మాణం వంటి ఖర్చులను మినహాయిస్తారు.

స్పెయిన్‌లోని లా లీగా పద్ధతి మరొక రకం. అక్కడ జట్టు వ్యయానికి ముందుగానే హద్దు గీస్తారు. హద్దు దాటితే ఆటగాడి పేరే నమోదు కాదు. 2021 ఆగస్టులో లియొనెల్ మెస్సీ బార్సెలోనాను విడిచిపెట్టవలసి రావడానికి ఈ హద్దే కారణమైంది.

చెల్సీ ఉదంతం

2022 మేలో రోమన్ అబ్రమోవిచ్ నుండి టాడ్ బోలీ, క్లియర్‌లేక్ క్యాపిటల్ బృందం చెల్సీ క్లబ్బును కొనుగోలు చేసింది. కొత్త యజమానులు ఇంగ్లండులో అంతవరకు అరుదుగా కనబడిన సుదీర్ఘ ఒప్పందాలను విరివిగా వాడారు. 2023 జనవరి 31న అర్జెంటీనా ఆటగాడు ఎంజో ఫెర్నాండెజ్‌ను పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికా నుండి 10.68 కోట్ల పౌండ్లకు తీసుకొని, 2031 వరకు, అంటే ఎనిమిదిన్నర ఏళ్ళకు ఒప్పందం వ్రాసుకొన్నారు. ఏటి భారం సుమారు 1.26 కోట్లు. అదే ఐదేళ్ళ ఒప్పందమైతే 2.14 కోట్లు అయ్యేది. ఒక్క ఆటగాడి మీద ఏటా దాదాపు 88 లక్షల పౌండ్ల వెసులుబాటు. పది మందిని ఇలాగే తీసుకొంటే అది ఎంత మొత్తమౌతుందో ఊహించవచ్చు.

దీర్ఘ ఒప్పందం రెండు వైపులా పదునున్న కత్తి. 2022లో లెస్టర్ సిటీ నుండి సుమారు 7 కోట్ల పౌండ్లకు ఏడేళ్ళ ఒప్పందంపై వచ్చిన వెస్లీ ఫొఫానా, 2023 జులైలో మోకాలి గాయం వలన 2023-24 సీజను మొత్తం ఆడలేకపోయాడు. ఆటగాడు మైదానంలో ఉన్నా మంచం మీద ఉన్నా ఖాతాలో ఏటా సుమారు కోటి పౌండ్ల పద్దు పడుతూనే ఉంటుంది, జీతం అదనం. అటువంటి ఆటగాడిని అమ్ముదామన్నా పుస్తకపు విలువ నెమ్మదిగా తగ్గుతుంది కనుక, తక్కువ ధరకు అమ్మితే నష్టం చూపవలసి వస్తుంది.

ఈ పద్ధతి చూసి యుయెఫా 2023 వేసవి నుండి కొత్త నిబంధన పెట్టింది. ఒప్పందం ఎన్నేళ్ళదైనా రుసుమును ఐదేళ్ళకు మించి పంచరాదు. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2023 డిసెంబరులో ఇదే నిబంధనను ఆమోదించాయి. అప్పటికే కుదిరిన కొనుగోళ్ళకు ఇది వర్తించదు.

నష్టాన్ని పరిమితిలో ఉంచడానికి చెల్సీ మరో దారి కూడా వెదికింది. తన స్టేడియం ప్రక్కనున్న రెండు హోటళ్ళను 7.65 కోట్ల పౌండ్లకు తన మాతృసంస్థకు చెందిన కంపెనీకే అమ్మింది. 2024లో మహిళా జట్టును కూడా సుమారు 20 కోట్లకు మాతృసంస్థకు అమ్మింది. ఒక జేబులో నుండి తీసి మరొక జేబులో వేసుకోవడమే ఇది అనిపించక మానదు. ప్రీమియర్ లీగ్ లెక్కలలో ఇవి చెల్లుబాటయ్యాయి గాని యుయెఫా ఇటువంటి రాబడిని గుర్తించదు. 2025 జులైలో యుయెఫా చెల్సీకి 3.1 కోట్ల యూరోల జరిమానా విధించి, నాలుగేళ్ళ ఒప్పందంలో పెట్టిన లక్ష్యాలు తప్పితే మరో 6 కోట్లు చెల్లించవలసి ఉంటుందని షరతు పెట్టింది.

సొంత ఊరి ఆటగాళ్ళ అమ్మకం

క్లబ్బు అకాడమీలో పెరిగిన ఆటగాడికి బదిలీ రుసుము ఉండదు. అతని పుస్తకపు విలువ సున్నా. అందువలన అతనిని అమ్మగా వచ్చిన సొమ్మంతా ఆ ఏడాది లాభమే. 5 కోట్లకు అమ్మిన అకాడమీ కుర్రవాడు 5 కోట్ల లాభం తెస్తాడు. ఆ 5 కోట్లతో ఐదేళ్ళ ఒప్పందంపై కొత్తవాడిని కొంటే ఆ ఏడు పడే పద్దు 1 కోటి మాత్రమే. అంటే ఒక స్థానిక ఆటగాడి అమ్మకం, కాగితం మీద, ఆ ధరకు ఐదుగురిని కొనడానికి చోటు కల్పిస్తుంది. తరువాతి నాలుగేళ్ళలో ఆ ఐదుగురి భారం ఎలా మోస్తారన్నది అప్పటి సంగతి.

ఆరేళ్ళ వయసు నుండి చెల్సీలో పెరిగి, 2021 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో జట్టును గెలిపించిన గోలుకు బంతి అందించిన మేసన్ మౌంట్‌ను 2023 జులైలో 5.5 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మారు. మరుసటి ఏడు కానర్ గాలఘర్‌ను స్పెయిన్ క్లబ్బు అట్లెటికో మాడ్రిడ్‌కు అమ్మారు.

చాలా ఇంగ్లీషు క్లబ్బుల లెక్కల సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. 2024 జూన్ చివరి రోజులలో జరిగిన బేరాలు దీనికి చక్కని నిదర్శనం. ఆస్టన్ విల్లా, చెల్సీ, ఎవర్టన్ క్లబ్బులు తమ యువ ఆటగాళ్ళను ఒకరికొకరు అమ్ముకొన్నాయి. ఇరువైపులా లాభం వెంటనే నమోదౌతుంది, ఖర్చు మాత్రం ఏళ్ళమీద పరచుకొంటుంది. అదే వారంలో న్యూకాజిల్ యునైటెడ్ తన అకాడమీలో పెరిగిన ఇలియట్ ఆండర్సన్‌ను నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు అమ్మివేసింది. న్యూకాజిల్ యజమాని 2021 నుండి సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి. డబ్బుకు కొదవ లేని యజమాని ఉండి కూడా స్థానిక ఆటగాడిని అమ్మక తప్పలేదంటే ఈ నియమాల పట్టు ఎటువంటిదో తెలుస్తుంది.

శిక్షలు

2021-22తో ముగిసిన కాలానికి ఎవర్టన్ నష్టం 12.45 కోట్ల పౌండ్లుగా తేలింది. పరిమితికి 1.95 కోట్లు ఎక్కువ. 2023 నవంబరులో 10 పాయింట్లు కోత విధించగా క్లబ్బు 14వ స్థానం నుండి 19వ స్థానానికి పడిపోయింది. 1954 నుండి మొదటి శ్రేణిని వీడని క్లబ్బుకు ఇది పెద్ద దెబ్బ. అప్పీలులో శిక్షను 6 పాయింట్లకు తగ్గించారు. తరువాతి కాలపు లెక్కలకు 2024 ఏప్రిల్‌లో మరో 2 పాయింట్లు పోయాయి. ఐనా ఆ ఏడు ఎవర్టన్ మొదటి శ్రేణిలోనే నిలిచింది.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వ్యాజ్యం మరింత ఆలోచింపజేస్తుంది. మూడేళ్ళలో రెండేళ్ళు రెండవ శ్రేణిలో ఉన్నందున ఆ క్లబ్బు పరిమితి 6.1 కోట్లే. తమ అకాడమీ ఆటగాడు బ్రెన్నన్ జాన్సన్‌ను 2023 జూన్ 30లోపు తక్కువ ధరకు అమ్మి ఉంటే నష్టం కొంత తగ్గేది. క్లబ్బు ఆగి, సెప్టెంబరు 1న టోటెన్‌హామ్‌కు 4.75 కోట్ల పౌండ్లకు అమ్మింది. వేచి ఉండి ఎక్కువ ధర రాబట్టడం క్లబ్బు ఆర్థిక ఆరోగ్యానికి మేలే గదా అని ఫారెస్ట్ వాదించింది. విచారణ సంఘం అంగీకరించలేదు. గడువు తరువాత వచ్చిన సొమ్ము గడువులోపు నష్టాన్ని పూడ్చదని చెప్పి, పరిమితిని 3.45 కోట్లు మించినందుకు 2024 మార్చిలో 4 పాయింట్లు కోత వేసింది. నియమం అక్షరార్థంలో ఈ తీర్పు సరైనదే. నియమం ఉద్దేశం క్లబ్బులను నష్టాల నుండి కాపాడటమే ఐతే, ఆటగాడిని చౌకగా తెగనమ్మమని ఆ నియమమే తొందరపెట్టడం విచిత్రంగా తోస్తుంది.

విమర్శలు, మార్పులు

పరిమితి రాబడిని బట్టి ఉంటుంది కనుక, ఇప్పటికే పెద్ద రాబడి ఉన్న క్లబ్బులే ఎప్పటికీ ఎక్కువ ఖర్చు చేయగలుగుతాయన్నది ప్రధాన విమర్శ. క్రింది నుండి ఎదగదలచిన క్లబ్బు ముందు పెట్టుబడి పెట్టి తరువాత ఫలితం పొందే మార్గం ఇరుకైపోయింది. మరోవైపు లీడ్స్, పోర్ట్స్‌మత్ అభిమానులు అనుభవించినది చూసినవారు పరిమితులే వద్దని అనలేరు.

2025 నవంబరులో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు మూడేళ్ళ నష్టాల లెక్కకు స్వస్తి చెప్పి, 2026-27 నుండి యుయెఫా తరహా జట్టు వ్యయ నిష్పత్తిని అమలు చేయడానికి 14-6 ఓట్లతో నిర్ణయించాయి. ఇక్కడ హద్దు రాబడిలో 85 శాతం. అన్ని క్లబ్బులకూ ఒకే గరిష్ఠ మొత్తం నిర్ణయించాలన్న మరొక ప్రతిపాదన వీగిపోయింది. కొత్త కొలతలోనూ అమార్టైజేషన్ ఖర్చు వైపునే ఉంటుంది, ఆటగాళ్ళ అమ్మకంపై వచ్చే లాభం రాబడి వైపున చేరుతుంది.