నోరు పెగలని కెర్నెల్

మామూలు ప్రోగ్రాము కూలిపోతే, ఎక్కడ కూలిందో ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో ఒక రూపంలో మనకు చెబుతుంది. మరి ఆపరేటింగ్ సిస్టమే లేవకపోతే ఎవరు చెబుతారు? లాగ్ రాసుకుందామంటే డిస్కు ఇంకా చేతికందలేదు, తెర మీద చూపిద్దామంటే వీడియో డ్రైవరు ఇంకా నిద్ర లేవలేదు. పశువుల డాక్టరు పరిస్థితి అన్నమాట. రోగి నోరు విప్పి చెప్పదు, మనమే చూసి పట్టుకోవాలి.

ఉదాహరణకి మామూలు పీసీ మీద లినక్స్ తీసుకుందాం. పవర్ రాగానే బయాస్ లేదా యూఈఎఫ్ఐ లేచి, గ్రబ్ అనే బూట్ లోడరును పిలుస్తుంది. గ్రబ్ రెండు ఫైళ్ళను మెమొరీలోకి తెస్తుంది. ఒకటి కెర్నెల్, రెండోది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్, అంటే అసలు డిస్కు దొరికేదాకా కావలసిన డ్రైవర్లు కట్టిన సద్దిమూట. కెర్నెల్ తన మెమొరీ, ఇంటరప్టులు సర్దుకొని, ఆ మూట విప్పి, డిస్కును మౌంట్ చేసి, చివరికి ఇనిట్ అనే మొట్టమొదటి ప్రాసెస్‌ని మొదలుపెడుతుంది.

కాబట్టి "ఎందుకు ఆగింది" అనేకంటే ముందు "ఎందాకా వచ్చింది" అని అడగాలి. గ్రబ్ మెనూయే రాకపోతే కెర్నెల్ నిర్దోషి. కెర్నెల్ మొదలవగానే యంత్రం దానంతటదే మళ్ళీ మళ్ళీ రీసెట్ అవుతుంటే ట్రిపుల్ ఫాల్ట్‌ని అనుమానించాలి. ఒక తప్పును సర్దబోతే ఇంకో తప్పు, దాన్ని సర్దబోతే మూడోది వచ్చి, ప్రాసెసర్ చేతులెత్తేయడమే అది. తెర నల్లగా ఉండిపోతే చచ్చిందని తొందరపడకండి, తెర ఒక్కటే పనిచేయకపోయి ఉండవచ్చు. పక్క మెషీన్ నుంచి పింగ్ చేసి చూడండి. పాత పీఎస్/2 కీబోర్డు ఉంటే, కెర్నెల్ పానిక్ అయినప్పుడు దాని దీపాలు మిణుకుమిణుకుమంటాయి.

ఆమధ్య హ్యూస్టన్ శివార్లలో ఒక చిన్న క్లినిక్ వాళ్ళ సర్వరు, ఆదివారం రాత్రి అప్‌డేట్ అయ్యాక లేవలేదు. తెల్లవారితే పేషెంట్లు వస్తారు. ఉన్న బ్యాకప్ మూడు వారాల నాటిది. నాకంటే ముందు చూసిన సపోర్టు మనిషి డిస్కు పోయిందని, ఫార్మాట్ చేసి మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకోమని తేల్చేశాడట. తెర మీద మాత్రం రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదన్న సందేశం, దాని చివర అన్‌నోన్ బ్లాక్ (0,0) అని ఉంది.

జవాబంతా ఆ రెండు సున్నాల్లోనే ఉంది. అక్కడ (8,1) అని ఉంటే, డిస్కు కనబడింది గానీ దాని మీది ఫైల్ సిస్టమ్ అర్థం కాలేదని సాధారణంగా అనుకోవచ్చు. (0,0) అంటే ఏ పరికరాన్ని వెతకాలో కూడా కెర్నెల్‌కి తేలలేదు. అసలు ఆ కెర్నెల్‌ని గ్రబ్ చదివి తెచ్చిందే ఆ డిస్కు మీద నుంచి! డిస్కు నిజంగా పోయి ఉంటే కథ ఇంతదూరం వచ్చేది కాదు. గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుంటే సర్వరు శుభ్రంగా లేచింది. చూస్తే, బూట్ పార్టిషన్ పాత కెర్నెల్‌లతో కిక్కిరిసిపోయి, కొత్తదాని సద్దిమూట రాయడానికి చోటే చాలలేదు. రెండు పాతవి తీసేసి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్ళీ తయారు చేయిస్తే సరిపోయింది. ఫార్మాట్ చేసి ఉంటే మూడు వారాల రికార్డులు గంగపాలయ్యేవి.

ఇంత స్పష్టమైన సందేశం రాకపోతే కెర్నెల్‌కి నోరు తెప్పించాలి. గ్రబ్‌లో బూట్ వరుస చివర "క్వయట్" అన్న మాట ఉంటే ముందు దాన్ని చెరిపేయండి. సగం రోగాలకు అదే మందు. ఆపైన "ఎర్లీప్రింట్‌కే" ఇచ్చి, మాటలన్నీ సీరియల్ పోర్టుకి పంపమనండి. ముసలి పోర్టే గానీ, పోర్టుకి నేరుగా ఒక్కో అక్షరం రాస్తే చాలు, పెద్ద డ్రైవరూ ఇంటరప్టులూ అక్కర్లేదు. "ఇనిట్‌కాల్ డీబగ్" కూడా కలిపితే, ఏ డ్రైవరు మొదలై మరి తిరిగి రాలేదో పేరుతో సహా తెలిసిపోతుంది.

సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్ళకి క్యూఈఎమ్‌యూ ఉంది. అందులో కెర్నెల్‌ని మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ఆపి, జీడీబీతో అడుగడుగూ నడిపించవచ్చు. నిన్నటి వెర్షన్ లేచి నేటిది లేవకపోతే గిట్ బైసెక్ట్ ఉత్తమం. ప్రతిసారీ సగానికి సగం కొట్టేస్తుంది కాబట్టి, 10,000 మార్పుల్లో దోషిని 14 బూట్లలో పట్టేయవచ్చు. పెద్ద సర్వర్లు ఒక్కోసారి లేవడానికే పది నిమిషాలు తీసుకుంటాయి, కాఫీ ఫ్లాస్కు దగ్గర పెట్టుకోండి.