చంద్రునిపై గుమ్మటాలు

నిండు చంద్రునిలో కుందేలును మీరు చూసే ఉంటారు. కుందేలుగా తోచే ఆ నల్లని మచ్చలు, వందల కోట్ల సంవత్సరాల క్రితం ఉబికివచ్చిన లావా గడ్డకట్టగా ఏర్పడిన మైదానాలు.

1609లో గెలీలియో దూరదర్శినితో చంద్రునిపై కొండలను, గుంటలను చూశాడు. ఆ గుంటలు అగ్నిపర్వతాల నోళ్లని పండితులు చాలాకాలం భావించారు. అది పొరపాటు. వాటిలో అత్యధికం ఆకాశం నుండి వచ్చిపడిన శిలల తాకిడికి ఏర్పడినవే. సుమారు 93 కిలోమీటర్ల వెడల్పుగల కోపర్నికస్ బిలం అటువంటిదే.

అయితే చంద్రునిపై నిజమైన అగ్నిపర్వతాలు లేకపోలేదు. కోపర్నికస్‌కు పడమట హార్టెన్సియస్ అనే చిన్న బిలం ఉంది. దానికి ఉత్తరాన ఆరు గుమ్మటాలున్నాయి. చిక్కని లావా మెల్లగా పొంగి, దూరం పారలేక, బోర్లించిన మూకుడులా గట్టిపడింది. లావా వెలువడిన చిన్న గుంట చాలావాటి శిఖరాన నేటికీ ఉంది.

ఈ గుమ్మటాల వెడల్పు కిలోమీటర్లలో ఉన్నా, ఎత్తు కొన్ని వందల మీటర్లే. పున్నమినాడు ఎండ పైనుండి పడుతుంది కనుక నీడలుండవు, అవి కనిపించవు. శుక్ల దశమి, ఏకాదశుల ప్రాంతంలో అక్కడ సూర్యోదయమవుతుంది. అప్పటి ఏటవాలు ఎండలో నీడలు సాగి, దూరదర్శినిలో గుమ్మటాలు స్పష్టమవుతాయి. కనుక వాటిని చూడగోరేవారు పున్నమి కోసం కాక, దశమి కోసం ఎదురుచూడాలి.