టాపెట్ చప్పుడా? బిగించే ముందు కొలవండి!

ప్రాజెక్టు కారుకి పెర్ఫార్మెన్స్ క్యామ్ వేశాక ఇంజిన్ పైనుంచి టకటకమని చప్పుడొస్తోందా? ఆగేదాకా టాపెట్లు బిగించేయకండి. ఫైనలియర్‌లో నేనదే చేశా. చప్పుడు పోయింది.. వారం తిరక్కుండానే ఓ సిలిండర్‌లో కంప్రెషనూ పోయింది! ఎందుకంటే, వేడికి వాల్వు సాగుతుంది. గ్యాప్ లేకపోతే పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలావరకు సీటుకే వదలాలి. సీటుకి ఆనకపోతే అంచు కాలిపోతుంది.

మరేం చేయాలి? క్యామ్ కంపెనీ ఇచ్చిన గ్యాప్ ఎంతో, చల్లటి ఇంజిన్‌కా వేడిదానికా చూడండి. ఫీలర్ గేజ్‌తో ఒక్కో వాల్వూ సెట్ చేయండి. అప్పటికీ తగ్గకపోతే ఆయిల్ ప్రెషర్, రాకర్ల అరుగుదల, స్ప్రింగులు చూడాలి. సాలిడ్ టాపెట్లకు కాస్త టిక్‌టిక్ మామూలే.

ఆటోమొబైల్ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే ‘బిగిస్తా’ అనకండి. ‘ముందు కొలుస్తా’ అనండి.