శుక్రునికీ ఉంది నెలవంక
మేడపై చిన్న టెలిస్కోప్ చాలు.. సూర్యునితోనే జాగ్రత్త

చిక్కడపల్లి, నారాయణగూడ: శుక్రుడు సాయంకాలపు చుక్కగా ఉండే నెలల్లో అశోక్‌నగర్ మేడల మీద నుంచి చూస్తే పడమట దీపంలా వెలుగుతుంటాడు. విమానపు దీపమని పొరబడేవారూ ఉంటారు. వట్టి కంటికి చుక్కే అయినా చంద్రునికి వలెనే ఈ గ్రహానికీ కళలున్నాయి. నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే అభ్యర్థులు పుస్తకంలో చూసే ఈ విషయాన్ని హాస్టల్ మేడపైనే కళ్లారా చూడవచ్చు.

ఎందుకీ వంక?
శుక్రుడు భూమి కంటే సూర్యునికి దగ్గరగా తిరుగుతాడు. సూర్యునికి ఆవలి పక్కన ఉన్నప్పుడు మనకు సుమారు 26 కోట్ల కిలోమీటర్ల దూరంలో, చిన్నగా, గుండ్రంగా కనిపిస్తాడు. సూర్యునికి, భూమికి నడుమకు వస్తున్నకొద్దీ దూరం సుమారు 4 కోట్ల కిలోమీటర్లకు తగ్గుతుంది. బింబం ఆరింతలు పెద్దదవుతుంది. అయితే వెలుగు పడే ముఖం అటు తిరిగిపోవడంతో మనకు సన్నని అంచు మాత్రమే మిగులుతుంది. 1610లో గెలీలియో ఈ కళలను గమనించారు. శుక్రుడు సూర్యుని చుట్టూ తిరుగుతున్నాడనడానికి అవే సాక్ష్యమయ్యాయి.

పంచాంగమే గుర్తు
ఈ కలయిక సుమారు 584 రోజులకొకసారి వస్తుంది. 2025 మార్చి 23, 2026 అక్టోబరు 24 అటువంటి తేదీలు. పెళ్లి ముహూర్తాలను ఆపే శుక్ర మూఢాల్లో కొద్ది రోజులే ఉండేది ఈ సమయంలోనే వస్తుంది. దానికి ముందు వారాల్లో సాయంకాలం పడమట, తరువాతి వారాల్లో తెల్లవారుజామున తూర్పున సన్నని వంక కనిపిస్తుంది.

చూసే విధానం
30 రెట్లు పెంచి చూపే టెలిస్కోప్‌లో ఆ వంక, వట్టి కంటికి కనిపించే చంద్రవంకంత ఉంటుంది. చీకటి పడ్డాక కాంతి మిరుమిట్లు గొలుపుతుంది గనుక సంధ్య వెలుగులోనే చూడటం మేలు. ఎండకు కాగిన స్లాబు నుంచి లేచే వేడిగాలికి బింబం అల్లల్లాడుతుంది. పడమట ఎత్తయిన అపార్ట్‌మెంట్లు అడ్డులేని చోటు ముందే చూసుకోవాలి.

కంటికి ముప్పు
వంక సన్నబడేకొద్దీ శుక్రుడు సూర్యునికి చేరువవుతాడు. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే టెలిస్కోప్‌ను అటు తిప్పాలి. ఉదయమైతే సూర్యోదయానికి ముందే ఆపాలి. టెలిస్కోప్‌లో సూర్యుడు క్షణం పాటు పడినా చూపు శాశ్వతంగా పోవచ్చు. కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన అద్దాలు రక్షణ కావు. పిల్లలను ఒంటరిగా వదలరాదు.

తెలుగువారి పరిశీలన
వెలుగు పడని ముఖం పూర్తిగా మనవైపు తిరిగి, గ్రహం సరిగ్గా సూర్యబింబం మీదుగా సాగితే అది శుక్ర సంక్రమణం. 1874 డిసెంబరు 9న విశాఖపట్నంలోని తమ వేధశాల నుంచి అంకితం వెంకట నర్సింగరావు దానిని పరిశీలించారు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా వేధశాలను నెలకొల్పారు. 2012 తరువాత సంక్రమణం మళ్లీ 2117లోనే. నెలవంకకు మాత్రం ఏడాదిన్నర పైచిలుకు వేచి ఉంటే చాలు.